విజయనగరం కోట నుంచి భీమిలి సముద్రం దాకా: ఒక రోజు అద్దె బండి ఎలా ఉందంటే

సంక్రాంతికి ఇంటికి చుట్టాలొస్తే ఒక రోజు ఎటైనా తిప్పాలి కదా అనుకునే మా విజయనగరం వాళ్ళకీ, హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వచ్చి కోట చూసి అదే రోజు సముద్రం కూడా చూసుకుని వెళ్దాం అనుకునేవాళ్ళకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మేము తీసుకున్నది డ్రైవర్‌తో కలిపి ఒక రోజు అద్దె బండి, పొద్దున ఇంటి దగ్గర ఎక్కించుకుని కోట, ఘంటస్తంభం, భీమిలి అన్నీ చూపించి రాత్రికి మళ్ళీ ఇంటి దగ్గర దింపేలా. ముందే చెప్పేస్తున్నా, బండికి ఐదులో మూడున్నర ఇస్తాను, డ్రైవర్‌కి మాత్రం ఐదుకి ఐదు. ఆ రెండూ ఎందుకు వేరు చేస్తున్నానో కింద చదివితే మీకే తెలుస్తుంది.

మేము వెళ్ళింది నేను, మా అత్తగారు, మా బాబు, మా ఆడపడుచు, వాళ్ళాయన, వాళ్ళ పిల్లలిద్దరూ. మా ఆయనకి డ్యూటీ, సెలవు దొరకలేదు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, బస్సు ఎక్కడం దిగడం అంటే భయం, ఆడపడుచు చిన్న కూతురికి మలుపులుంటే వాంతులు, కాబట్టి ఆర్టీసీ బస్సులో తగరపువలస దాకా వెళ్ళి అక్కడ ఆటో మాట్లాడుకోవడం అనేది మాకు కుదిరే పని కాదు. కుర్రాళ్ళు అయితే మాత్రం హాయిగా బస్సులో వెళ్ళండి, డబ్బులు చాలా మిగులుతాయి.

బండి మాట్లాడింది మా వీధి చివర ఉన్న చిన్న ట్రావెల్స్ ఆఫీసులో. పేరు రాయను, ఎందుకంటే మంచీ ఉంది చెడ్డా ఉంది, ఇలాంటి ఆఫీసులు మా ఊళ్ళో చాలా ఉన్నాయి, అన్నిటికీ దాదాపు ఇవే పద్ధతులు. పెద్ద బండికి రోజుకి 4,200 అన్నారు, అందులో 100 కిలోమీటర్లు, 10 గంటలు. దాటితే కిలోమీటరుకి 18 రూపాయలు, గంటకి 200, డ్రైవర్ బత్తా 300 విడిగా. పార్కింగ్, టోల్ మనవే. అడ్వాన్స్ 1,000 ఫోన్ పే చేయమన్నారు, చేశాం. పండగ రోజుల్లో రేటు ఇంకా ఎక్కువ ఉంటుందట, మేము కనుమ వెళ్ళాక రెండ్రోజులు ఆగి వెళ్ళాం కాబట్టి మామూలు రేటే పడింది. కనుమ, ముక్కనుమ రోజుల్లో మాత్రం భీమిలి వైపు వెళ్ళకండి, బండి ఆపుకునే చోటు కూడా దొరకదు.

ఏడింటికి రమ్మంటే ఏడుకి పది నిమిషాల ముందే వచ్చేశాడు డ్రైవర్ బాబు, వచ్చి హారన్ కొట్టలేదు, గేటు దగ్గర నిలబడి ఫోన్ చేశాడు. ముప్పై ఏళ్ళ లోపు కుర్రాడు. అత్తగారిని చూడగానే డిక్కీ తీసి ఒక చిన్న చెక్కపీట తెచ్చి డోరు కింద పెట్టాడు, "దీని మీద కాలెట్టి ఎక్కండి మామ్మగారూ, తొందరేటి లేదు" అని. ఆ పీట రోజంతా అత్తగారు దిగిన ప్రతి చోటా వచ్చింది. ఎవరూ అడగలేదు, ఆఫీసు వాళ్ళు ఇచ్చిందీ కాదు, వాళ్ళ అమ్మ కోసం చేయించి బండిలోనే ఉంచేశాడట. పెద్దవాళ్ళతో బయటికి వెళ్ళేవాళ్ళకి ఆ పీట విలువ తెలుస్తుంది, పెద్ద బండి మెట్టు ఎత్తుగా ఉంటుంది, ఎక్కలేక ఎక్కి సగం రోజుకే నడుం పట్టేసి ఇంటికి పదండి అనేస్తారు. అత్తగారు ఆ రోజు సాయంత్రం దాకా ఆ మాట అనలేదు.

మొదట కోట. ఊళ్ళో ఉండేవాళ్ళం రోజూ దాని పక్క నుంచే వెళ్తాం, కానీ చూడం. ఆడపడుచు పిల్లలైతే పుట్టి బుద్ధెరిగి లోపలికి వెళ్ళనే లేదు. 1713లో విజయదశమి నాడు శంకుస్థాపన చేశారని చెప్తారు, పైగా ఆ రోజు మంగళవారం అంటే మన వైపు వాళ్ళు జయవారం అంటారు కదా, రాజుగారి పేరు విజయరామరాజు, ఊరి పేరు విజయనగరం, అన్నీ విజయాలే. గోడ దాదాపు 10 మీటర్ల ఎత్తు, బురుజులు, తూర్పు వైపు పెద్ద వాకిలి. పిల్లలు మెడలెత్తి చూస్తూ ఉండిపోయారు. లోపల ఇప్పుడు కాలేజీలున్నాయి, 1958లో పీవీజీ రాజు గారు మాన్సాస్ ట్రస్టు పెట్టి చదువులకి ఇచ్చేశారు. రాజులు ఉన్న చోట ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని తిరుగుతుంటే నాకు ఎప్పుడు చూసినా మనసు నిండిపోతుంది, మా ఊరి గురించి నేను గట్టిగా చెప్పుకునేది అదే. 1869లో మూడో విజయరామ గజపతిరాజు గారు దర్బారు కోసం కట్టించిన మోతీమహల్ కూడా ఒకప్పుడు ఇక్కడే ఉండేది, దాన్ని కూల్చేశారు. కాలేజీ పని గంటల్లో వెళ్తే లోపల ఎక్కడ పడితే అక్కడ తిరగనివ్వరు, అది గుర్తుంచుకోండి, బయట నుంచి కోట గోడ, వాకిలి చూడ్డానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

ఇక్కడ డ్రైవర్ బాబు గురించి ఇంకొక మాట చెప్పాలి. బండి పార్కింగ్‌లో పెట్టి ఫోన్ చూసుకుంటూ కూర్చునే రకం కాదు. మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి గుడి ముందు నుంచి కోట దాకా ఉన్న దారి పిల్లలకి చూపించి, "సిరిమాను ఈ రోడ్డు మీదే మూడుసార్లు ఎల్లి వస్తాదమ్మా, పూజారి గారు అంత పొడుగు మాను చివర కూర్చుంటారు, కోట బురుజు మీంచి రాజుగారి కుటుంబం చూస్తారు" అన్నాడు. అమ్మవారు రాజుగారి చెల్లెలట కదా అని మా ఆడపడుచు అడిగింది. అక్కడ అత్తగారు అందుకున్నారు. 1757లో బొబ్బిలి యుద్ధం, పెద్ద విజయరామరాజు గారు గెలిచీ తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోవడం, చెల్లెలు పైడిమాంబ ఆ కబురు తట్టుకోలేక పెద్ద చెరువులో కలిసిపోవడం, అదంతా వాళ్ళ నాయనమ్మ చెప్పిన తీరులో చెప్పారు. దసరా వెళ్ళిన తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. ఊరు పట్టనంత జనం వస్తారు, పిల్లల్ని చంకనేసుకుని ఎండలో గంటలు గంటలు నిలబడతారు. మా పెద్దాడు "మళ్ళీ దసరాకి వస్తాం అమ్మమ్మా" అని అక్కడికక్కడే మాట తీసుకున్నాడు. (పెద్దాడు అంటే ఆడపడుచు కొడుకు, మా ఇంట్లో అందరికీ వాడే పెద్దాడు.)

ఘంటస్తంభం దగ్గర ఐదు నిమిషాలే ఆగాం, ట్రాఫిక్. 1885లో కట్టింది, ఎనిమిది మూలలు, 68 అడుగులు. గురజాడ వారి ఇల్లు దగ్గర దిగి చూశాం. 1919లో పెట్టిన సంగీత కళాశాల గేటు ముందు నుంచి బండి నెమ్మదిగా పోనిచ్చాడు. దానికి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ చెప్పిన చోటు. అన్నయ్యగారు, అంటే ఆడపడుచు భర్త, హైదరాబాద్‌లో పాప చేత వయొలిన్ నేర్పిస్తున్నారు, ఆ గేటు దగ్గర పాపని నిలబెట్టి ఫోటో తీయించారు. టిఫిన్ ఊళ్ళోనే చేసేయండి, దారిలో చెప్పుకోదగ్గది లేదు. మేము ఇడ్లీ, పూరీ తిన్నాం, అత్తగారికి ఉప్మా పెసరట్టు.

ఇప్పుడు అసలు సంగతి, దారి. విజయనగరం నుంచి భీమిలి అంటే చాలామంది డ్రైవర్లు నేరుగా హైవే ఎక్కించి తగరపువలస దగ్గర దింపి గంటలో సముద్రం ముందు పెట్టేస్తారు. వాళ్ళకి అది సుఖం, రోడ్డు పెద్దది. ఆఫీసులో కూడా అదే రూట్ రాసిచ్చారు. మా డ్రైవర్ బాబు మాత్రం "అమ్మా, పద్మనాభం మీంచి ఎల్దామా, కొన్ని కిలోమీటర్లు ఎక్కువవుతాయి గానీ కోట చూసినోళ్ళు అది చూడకపోతే ఏటి లాభం" అన్నాడు. నా అభిప్రాయం కూడా సరిగ్గా అదే. కోట చూసి పద్మనాభం చూడకపోతే కథ సగంలో వదిలేసినట్టే.

ఎందుకంటే ఆ కోటలో రాజ్యం చేసిన వంశానికి దెబ్బ తగిలింది ఈ కొండ కిందే. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు పేష్కష్ బాకీ, అంటే కప్పం బాకీ అని పీకల మీద కూర్చున్నారు, చిన విజయరామరాజు గారిని గద్దె దిగి భరణం తీసుకుని మచిలీపట్నం పోయి ఉండమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. తన మనుషుల్ని వెంటబెట్టుకుని పద్మనాభం వచ్చి నిలబడ్డారు. 1794 జూలై 10న తెల్లవారుజామున కంపెనీ సైన్యం వచ్చి పడింది. గంట కూడా పట్టలేదు యుద్ధం. రాజుగారు, ఆయనతో ఉన్న దొరలు చాలామంది అక్కడే పోయారు. అది తెలిసి ఆ కొండ వైపు చూడండి, పొలాలు, తాటిచెట్లు, గొర్రెలు మేస్తుంటాయి, ఏ హడావుడీ ఉండదు. మా పిల్లలు అంతసేపూ బండిలో గోల చేసినవాళ్ళు ఇక్కడ దిగాక గొంతు తగ్గించారు, ఎవరూ చెప్పకుండానే. పెద్దాడు "మరి రాజుగారు భరణం తీసుకుని ఉంటే బతికేవారు కదా అత్తా" అని నన్ను అడిగాడు. బతికేవారు నాన్నా అన్నాను. వాడు ఇంకేమీ అడగలేదు, కొండ వైపే చూస్తూ నిలబడ్డాడు. బళ్ళో చదివే చరిత్ర పుస్తకంలో ఈ యుద్ధానికి రెండు లైన్లు కూడా ఉండవు, నాకు ఆ విషయంలో చాలా బాధ. మన పిల్లలకి పానిపట్టు తెలుసు, ప్లాసీ తెలుసు, ఇంటికి ముప్పావు గంట దూరంలో ఉన్న పద్మనాభం తెలియదు.

కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడి, వెయ్యికి పైగా మెట్లు. కార్తీక అమావాస్యకి ఆ మెట్లన్నిటికీ దీపాలు పెడతారు, అప్పుడు కింద నుంచి చూడాలి. అత్తగారు ఎక్కలేరు కాబట్టి ఆవిడ, నేను కింద కుంతీమాధవ స్వామి గుడిలో కూర్చున్నాం, అన్నయ్యగారు పిల్లల్ని తీసుకుని ఎక్కారు. పైకి వెళ్ళేవాళ్ళు నీళ్ళ సీసా పట్టుకెళ్ళండి, ఎండెక్కక ముందే ఎక్కండి, జనవరిలోనే వాళ్ళు చెమటలు కక్కుకుంటూ దిగారు. కోతులున్నాయి, చేతిలో కవర్లు కనపడనివ్వకండి. ఇక్కడ దాదాపు రెండు గంటలు పట్టింది మాకు. డ్రైవర్ బాబు ఒక్కసారి కూడా టైం అయిపోతోంది అనలేదు. ఇంతకుముందు వేరే చోట మాట్లాడిన బండ్లలో ఇదే పెద్ద తలనొప్పి, ప్రతి చోటా పావుగంట అవగానే హారన్ మోత. ఈ బాబు అత్తగారికి కొబ్బరిబోండం కొట్టించి తెచ్చి, డబ్బులిస్తే బోండానికి ఎంతైందో అంతే తీసుకున్నాడు.

అక్కడి నుంచి దిగుతుంటే గోస్తని కనిపిస్తుంది. నీళ్ళు ఎక్కువ లేవు, ఇసుకలో పాయలుగా పోతోంది. పిల్లలు కిందటి సంవత్సరం అరకు వెళ్ళినప్పుడు బొర్రా గుహలు చూశారు, ఆ గుహల దగ్గర పారే నది ఇదేరా, అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా మీంచి దిగి తాటిపూడి రిజర్వాయర్‌లో ఆగి ఇలా భీమిలిలో సముద్రంలో కలుస్తుంది అని చెప్తే నమ్మలేదు, ఫోన్‌లో మ్యాప్ తీసి గీత మీద వేలు పెట్టి చూపించాల్సొచ్చింది. ఇంకప్పటి నుంచి నది ఎటు తిరిగితే అటు కిటికీలు మారి చూడటమే పని. చిన్నదానికి వాంతి సంగతే గుర్తు రాలేదు.

తగరపువలస దాటి భీమిలి చేరేసరికి ఒంటిగంటన్నర. భోజనం దగ్గర మాత్రం దెబ్బ తిన్నాం. బీచ్ దగ్గర ఒక హోటల్, పేరెందుకులెండి, బయట బోర్డు మీద చేపల పులుసు భోజనం బాగా ఘనంగా రాసుంది. ముప్పావు గంట కూర్చోబెట్టి వంజరం వేపుడు అని తెచ్చింది చూస్తే ముక్క పైన నల్లగా, లోపల పచ్చిగా. వెనక్కిచ్చాం, మళ్ళీ అదే ముక్క ఇంకొంచెం మాడ్చి తెచ్చారు. పులుసు మాత్రం బాగుంది, చింతపండు సరిగ్గా పడింది, కారం మన వైపు కారమే. అత్తగారు శాకాహారం, ఆవిడకి సాంబారు, బంగాళాదుంప వేపుడు, పెరుగు. ఏడుగురికి 1,900 అయింది. ఆ వంజరానికి ఆ డబ్బు దండగ. సముద్రం పక్కనే ఉండి చేప సరిగ్గా వేయించకపోతే ఎలా అని కౌంటర్ దగ్గర అడిగితే పండగ రద్దీ అమ్మా అన్నారు. పండగ అయిపోయి రెండ్రోజులైంది. మీరు వెళ్తే పొద్దున ఇంటి దగ్గర పులిహోర, దద్దోజనం కలిపి పట్టుకెళ్ళడం మేలు, పద్మనాభంలో చెట్టు కింద తినేయొచ్చు, గంట కలిసొస్తుంది. చేప తినాలనుంటే పొద్దున్నే పడవలొచ్చే టైంకి వెళ్ళి కొనుక్కుని ఇంటికి తెచ్చుకోండి, కవళ్ళు, కానాగంతలు చవకే.

తిన్నాక ఎండగా ఉంది కాబట్టి నేరుగా ఇసుకలోకి దిగొద్దని డ్రైవర్ బాబు ముందు ఊళ్ళో తిప్పాడు. ఇది చాలా మంచి పని. భీమిలి అంటే బీచ్ ఒక్కటే అనుకుని వచ్చి ఇసుకలో కూర్చుని వెళ్ళిపోతారు అందరూ. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు ఇది, మన దేశంలో బాగా పాతవాటిలో ఒకటి. డచ్చి వాళ్ళు పదిహేడో శతాబ్దంలో వచ్చి ఇక్కడ వర్తకం పెట్టారు, 1825లో ఇంగ్లీషు వాళ్ళ చేతికి వెళ్ళింది. డచ్చి వాళ్ళ సమాధుల తోట ఇప్పటికీ ఉంది, సూదిగా పైకి లేచిన పెద్ద పెద్ద ఇటుక కట్టడాలు, రాళ్ళ మీద డచ్చి అక్షరాలు. అంత దూరం నుంచి ఓడల్లో వచ్చి ఇక్కడి మట్టిలో కలిసినవాళ్ళు. పాప ఒక చిన్న సమాధి దగ్గర ఆగి ఇది పిల్లలదా అమ్మా అని అడిగింది, ఆడపడుచు దాన్ని ఎత్తుకుని అక్కడి నుంచి వచ్చేసింది. చోటు ఇంకొంచెం శుభ్రంగా ఉంచాలి, పిచ్చిమొక్కలు, తాగి పడేసిన సీసాలు చూస్తే మనసుకి కష్టమేసింది, మూడు వందల ఏళ్ళ పైబడిన రాళ్ళవి. ఇక్కడా ఒక గడియారస్తంభం ఉంది, పిల్లలు పొద్దున చూసినదానితో పోల్చి మా ఊరిదే పెద్దది అని తేల్చారు.

ఊరికి ఆ పేరు భీముడి వల్ల వచ్చిందంటారు, బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని చెప్పుకుంటారు. పావురాలకొండ మీద నరసింహస్వామి గుడి, బౌద్ధుల కాలం నాటి ఆనవాళ్ళు ఉన్నాయి. పద్మనాభం మెట్లెక్కిన కాళ్ళతో ఇంకో కొండ వద్దన్నారు అన్నయ్యగారు, వదిలేశాం.

మూడున్నరకి సముద్రం. మన తీరానికి ఉన్న సుఖం ఏంటంటే మధ్యాహ్నం తిరిగాక సూర్యుడు వెనక కొండల వైపు వెళ్ళిపోతాడు, కళ్ళలో ఎండ కొట్టదు, నీళ్ళు నీలంగా కనిపిస్తాయి, ఇసుక కాలదు. పొద్దున పదకొండుకి వచ్చి ఎండలో మాడి ఒంటిగంటకి వెళ్ళిపోయేవాళ్ళని చూస్తే అయ్యో అనిపిస్తుంది. జనవరిలో ఐదున్నర దాటితే చీకటి పడిపోతుంది కాబట్టి మూడున్నర నుంచి ఐదున్నర, ఆ రెండు గంటలే భీమిలి అసలు అందం.

జాలర్లు అలివి వల లాగుతున్నారు. ఒడ్డు మీద ఆ చివర పదిమంది, ఈ చివర పదిమంది, నడుముకి తాడు బిగించుకుని పాట పాడుకుంటూ వెనక్కి నడుస్తున్నారు. పిల్లలు ఒక చివర పట్టుకుంటాం అంటే నవ్వి పట్టుకోనిచ్చారు. వల బయటికొచ్చేసరికి అరగంట పైనే పట్టింది, అంతా చేసి రెండు గంపలు, అందులో ఎక్కువ చిన్న కవళ్ళే. ఇంత కష్టానికి ఇంతేనా అని మా బాబు అడిగాడు. ఒక పెద్దాయన "ఒక్కోనాడు ఇది కూడా రాదు నాయనా" అన్నాడు. ఆ మాట విన్నాక పిల్లలకి సముద్రం అంటే ఆట ఒక్కటే కాదని కొంచెమైనా అర్థమై ఉంటుంది.

అత్తగారి కోసం డ్రైవర్ బాబు పీట ఇసుకలోకి కూడా తెచ్చాడు. "ఇంత దూరం వచ్చి కాళ్ళు తడపకపోతే ఎలాగమ్మా" అని ఆవిడ, నేనొక చెయ్యి ఆడపడుచు ఒక చెయ్యి పట్టుకుంటే అల వచ్చే చోట నిలబడ్డారు. ఆవిడ పెళ్ళైన కొత్తలో మామగారితో ఎడ్లబండిలో ఇక్కడికి వచ్చారట, ఆ సంగతి నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. వైజాగ్ బీచ్‌లు ఎంత పేరున్నవైనా విజయనగరం వాళ్ళ సముద్రం భీమిలే, మన పెద్దవాళ్ళు పుణ్యస్నానానికి వచ్చింది ఇక్కడికే, మన ఊరి నది కలిసేది ఇక్కడే. అందుకే ఒక్క రోజులో రుషికొండ, కైలాసగిరి కూడా కలిపేద్దాం అని ఆఫీసు వాళ్ళు ప్యాకేజీ చెప్తే వద్దనండి. అన్నీ బండి కిటికీలోంచి చూడ్డమే అవుతుంది, పెద్దవాళ్ళు అలిసిపోతారు.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. గోస్తని సముద్రంలో కలిసే చోట స్నానానికి దిగకండి. చూడ్డానికి నీళ్ళు నిదానంగా, మోకాలి లోతే ఉన్నట్టు ఉంటాయి, కింద ఇసుక జారిపోతుంది, లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది. ఈ తీరం పొడుగునా ప్రతి ఏడూ పిల్లలు పోతూనే ఉన్నారు, పేపర్లో చదువుతూనే ఉన్నాం. మా డ్రైవర్ బాబు ప్యాంటు మడత పెట్టుకుని పిల్లలకి సముద్రం వైపు తను నిలబడ్డాడు, మోకాలు దాటనివ్వలేదు. అది అతని డ్యూటీలో ఉన్న పని కాదు. అందుకే అతనికి ఐదుకి ఐదు.

ఒడ్డు మీద మొక్కజొన్న పొత్తులు, ముంత మసాలా, ఉడకబెట్టిన తేగలు అమ్ముతున్నారు. తేగలు తినండి, ఈ సీజన్‌లోనే దొరుకుతాయి, ఇటువైపు ఇసుక నేలలో పండిన తేగకి తీపి ఎక్కువ. పిల్లలకి నారలు తీసుకుంటూ తినడం చేతకాక అత్తగారే ఒలిచి పెట్టారు. ఎర్రమట్టి దిబ్బలు ఇక్కడికి దగ్గరే, వైజాగ్ రోడ్డులో. మేము పైనుంచి చూసి వచ్చేశాం, వెలుతురు అయిపోతోంది. వేల ఏళ్ళ నాటి ఇసుక, అందులోని ఇనుము వల్ల ఆ ఎరుపు. 2014లో జియోలాజికల్ సర్వే వాళ్ళు భూ వారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. దయచేసి వాటి మీద పేర్లు చెక్కకండి, గుట్టల మీంచి జారకండి, ఒకసారి విరిగిన అంచు మళ్ళీ రాదు.

తిరుగు దారి హైవే మీంచి వచ్చాం, చీకట్లో అదే మంచిది. ఇంటికొచ్చేసరికి ఏడుంపావు.

ఇప్పుడు బండి మార్కులు ఎందుకు తగ్గించానో చెప్తాను. వెనక సీటుకి ఏసీ గాలి అసలు రాలేదు, మధ్యాహ్నం పిల్లలు ఉడికిపోయారు, కిటికీ తీసుకుని కూర్చున్నారు. ముందు రోజు ఏసీ చూశారా అని అడిగితే ఆఫీసులో కొత్త బండి అన్నారు, కొత్తదేమీ కాదు, సీటు కవర్లు చిరిగి ఉన్నాయి. ఒక బెల్టు పనిచేయలేదు. రెండోది బిల్లు. మీటర్ ప్రకారం 104 కిలోమీటర్లు అయింది, నాలుగు ఎక్కువ, అది ఇవ్వాల్సిందే. 10 గంటలు దాటి రెండు గంటల పైన అయింది, అదీ ఒప్పందమే. కానీ ఆఫీసు నుంచి ఫోన్ చేసి పద్మనాభం రూట్ వేసినందుకు ఇంకో 500, రాత్రి ఛార్జి 200 అన్నారు. కిలోమీటర్లకి లెక్క కట్టాక మళ్ళీ రూట్‌కి వేరే డబ్బులేంటి, ఏడు గంటలకి రాత్రి ఛార్జి ఏంటి అని నేను గట్టిగా అడిగాను. ముందు రోజు మాట్లాడిన రేట్లు వాట్సాప్‌లో రాయించుకున్నాను కాబట్టి అవి చూపిస్తే అప్పుడు తగ్గారు. అది లేకపోతే 700 పోయేవే. ఇంకా బాధేమిటంటే ఆ రూట్ చెప్పాడని ఆ కుర్రాణ్ణి ఫోన్‌లో కసురుకున్నారు, మాకు వినపడింది. నేను ఫోన్ తీసుకుని ఆ దారి మేమే కోరుకున్నాం, రోజంతట్లో బాగున్నది అదే అని చెప్పాను. అన్నయ్యగారు బత్తా 300కి ఇంకో 300 కలిపి అతని చేతికే ఇచ్చారు.

అందుకని మీరు మాట్లాడుకునేటప్పుడు ఇలా అడగండి. వెనక సీటు ఏసీ ముందు రోజే ఆన్ చేయించి చూడండి. బెల్టులన్నీ లాగి చూడండి. గంటలు మీ ఇంటి దగ్గర నుంచి లెక్కా, వాళ్ళ ఆఫీసు దగ్గర నుంచి లెక్కా అన్నది తేల్చుకోండి, కొందరు షెడ్డు నుంచి షెడ్డుకి లెక్క కడతారు. రాత్రి ఛార్జి ఎన్ని గంటలకి మొదలవుతుందో, పద్మనాభం మీదుగా వెళ్తాం అన్న మాట, అన్నీ వాట్సాప్‌లో పెట్టించండి. 10 గంటలు చాలవు, 12 గంటలకే మాట్లాడండి, మొదటే అడిగితే తక్కువలో ఇస్తారు. డ్రైవర్ ఎవరొస్తారో కూడా అడగండి, పద్మనాభం దారి తెలిసినవాడు, పెద్దవాళ్ళతో ఓపిగ్గా ఉండేవాడు కావాలని చెప్పండి. మా ఆడపడుచు ఆ బాబు నంబరు తీసుకుంది, దసరాకి సిరిమాను చూడ్డానికి వచ్చినప్పుడు అతన్నే పిలుస్తారట, ఈసారి బండి మాత్రం అతను చూసి నచ్చిందే తెమ్మని చెప్పింది.